కెర్నెల్‌కు కాలం తెలియజేయడం: టైమర్ ఇంటరప్టుల ప్రాజెక్టు డైరీ

శనివారం: పని ఎంతవరకు వచ్చింది

తీరిక వేళల్లో రాసుకుంటున్న నా చిన్న కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) 64 బిట్ల ఎక్స్86 ప్రాసెసర్ మీద, ఎక్కువగా కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లోను, అప్పుడప్పుడు మూలన పడి ఉన్న ఒక పాత డెస్క్‌టాప్ మీదను నడుస్తోంది. మెమరీ పేజీల ఏర్పాటు, సీరియల్ పోర్టుకు అక్షరాలు పంపడం, రెండు మూడు టాస్కులను మార్చి మార్చి నడపడం ఇప్పటికే కుదిరాయి. అయితే ఆ మార్పిడి పూర్తిగా టాస్కుల మంచితనం మీదే ఆధారపడి ఉంది. నడుస్తున్న టాస్కు తనంతట తాను షెడ్యూలర్‌ను, అంటే తరువాతి వంతు ఎవరిదో తేల్చే కోడ్‌ను, పిలిస్తే తప్ప ప్రాసెసర్ చేతులు మారదు. ఏదైనా ఒకటి అంతులేని లూపులోకి వెళ్లిందంటే మిగతావాటికి వంతు రాదు.

ఈ విడతలో కెర్నెల్‌కు మూడు సామర్థ్యాలు రావాలి. వంతు ముగిసిన టాస్కును బలవంతంగా ఆపగలగాలి, అడిగినంతసేపు టాస్కును నిద్రపుచ్చి లేపగలగాలి, బూట్ అయినప్పటినుంచి ఎంత కాలం గడిచిందో ఎప్పుడడిగినా చెప్పగలగాలి. మూడింటికీ హార్డ్‌వేర్ టైమరే ఆధారమైనా, ఇందులో కాలాన్ని కొలవడం ఒక పని, ఫలానా వేళకు ప్రాసెసర్‌ను లేపడం మరో పని. పాత పీసీ టైమర్ ఈ రెంటినీ ఒకే నూలుతో కట్టేస్తుంది. చివరకు ఆ ముడి విప్పాలన్నదే నా ఆలోచన, కానీ అన్నిటికంటే సులువైనది అదే కాబట్టి మొదలు మాత్రం అక్కడినుంచే పెడుతున్నాను. ఇకమీదట పోర్టులు, రిజిస్టర్ల చిరునామాలు, నియంత్రణ పదాలు హెక్సాడెసిమల్‌లోను, మిగతా సంఖ్యలు దశాంశంలోను రాస్తాను.

ఆదివారం: ఇంటరప్టులు వచ్చే దారి

టైమర్ జోలికి పోయే ముందు, ఇంటరప్టులను, అంటే చేస్తున్న పని ఆపి తమను చూడమని పరికరాలు పెట్టే కేకలను, ప్రాసెసర్‌కు చేరవేసే ఇంటరప్ట్ కంట్రోలర్ సంగతి తేల్చాలి. ఇంటెల్ మొదటి 32 వెక్టర్లను (ఏ హ్యాండ్లర్ కోడ్‌ను నడపాలో చెప్పే సంఖ్యలను) ప్రాసెసర్ సొంత ఎక్సెప్షన్ల కోసం, అంటే నడకలో ఎదురయ్యే లోపాల కోసం, కేటాయించుకున్నా, 1981 నాటి ఐబీఎం పీసీ మాత్రం 8259 కంట్రోలర్ నుంచి వచ్చే హార్డ్‌వేర్ ఇంటరప్టులను 8 నుంచి 15 వరకు గల వెక్టర్లకు తగిలించింది. ఆ తరువాతి ప్రాసెసర్లలో 8వ వెక్టర్ డబుల్ ఫాల్ట్‌ది, అంటే ఒక లోపాన్ని సంభాళించబోతుండగా వచ్చే మరో లోపానిది, అయింది. బయోస్ వదిలి వెళ్లిన స్థితిలోనే ఇంటరప్టులు తెరిచామంటే, వచ్చింది టైమర్ టిక్కా లేక కెర్నెల్ కుప్పకూలిందా అన్నది హ్యాండ్లర్‌కు తెలిసే అవకాశమే ఉండదు.

అందుచేత నా యంత్రంలో ఉన్న రెండు 8259 కంట్రోలర్లను తిరిగి ఇనిషియలైజ్ చేసి, మొదటిదాని ఇంటరప్టులను 32వ వెక్టర్ నుంచి, రెండోదాని ఇంటరప్టులను 40వ వెక్టర్ నుంచి మొదలయ్యేలా మార్చాను. వరుస ఇది: 20, ఎ0 పోర్టులకు ఆరంభ పదం, తరువాత 21, ఎ1 పోర్టులకు కొత్త ఆధార వెక్టర్, ఆపై రెండూ ఒకదానికొకటి ఏ తీగ మీద కలిశాయో చెప్పే పదం, చివరకు 8086 పద్ధతిని కోరే పదం. పాత హార్డ్‌వేర్ ఈ పదాలను వెంటవెంటనే మింగలేదు కాబట్టి, నడుమ వాడుకలో లేని 80వ పోర్టుకు ఒక రాత వేసి కాస్త విరామం ఇచ్చాను. టైమర్, కీబోర్డు తప్ప మిగతా తీగలన్నీ మాస్క్ చేసి, అంటే మూసి, ఉంచాను.

దొంగ ఇంటరప్టులకు కూడా ఇప్పుడే ఏర్పాటు చేయడం మంచిది. కంట్రోలర్ ప్రాసెసర్‌ను పిలిచాక, ప్రాసెసర్ బదులు పలికేలోపు తీగ మీది సంకేతం మాయమైతే, కంట్రోలర్ ఏదో ఒకటి చెప్పాలి కనుక 7వ తీగ పేరు చెబుతుంది. అప్పుడు ఏ ఇంటరప్టులు నడుస్తున్నాయో చూపే ఇన్-సర్వీస్ రిజిస్టర్‌ను చదివి, 7వ బిట్ వెలగకపోతే ఈఓఐ, అంటే ఇంటరప్ట్ ముగిసిందన్న కబురు, పంపకుండానే వెనుదిరగాలి.

మరుసటి శనివారం: పీఐటీ, అది లెక్కించే వింత సంఖ్య

పాత పీసీ టైమర్ అయిన, పీఐటీగా (ప్రోగ్రామబుల్ ఇంటర్వెల్ టైమర్) పిలిచే 8253, దాని తరువాతి 8254 చిప్‌లలో మూడు కౌంటర్లు ఉంటాయి. సున్నాది సిస్టమ్ టిక్కు కోసం, ఒకటోది తొలినాళ్లలో మెమరీ (డీర్యామ్) రిఫ్రెష్ కోసం, రెండోది స్పీకర్ కోసం. మూడూ లెక్కించే పౌనఃపున్యం సెకనుకు సుమారు 11,93,182. చూడగానే అర్థంలేని అంకెలా కనిపించినా దీనికి వెనుక చరిత్ర ఉంది. ఐబీఎం పీసీలో 14.31818 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఒకటి వాడారు. అది అమెరికా ఎన్‌టీఎస్‌సీ టీవీ రంగు సంకేతానికి సరిగ్గా నాలుగు రెట్లు. అందులో మూడో వంతు ప్రాసెసర్‌కు, పన్నెండో వంతు టైమర్‌కు దక్కాయి. రంగుల టీవీ కోసం కుదిరిన లెక్క నలభై ఏళ్లు దాటినా కెర్నెల్ రాసేవాళ్లను వదలడం లేదు.

కౌంటర్ 16 బిట్లదే. విభాజకంగా, అంటే ఎన్ని లెక్కలకోసారి మోగాలో చెప్పే సంఖ్యగా, సున్నా ఇస్తే దాన్ని 65,536గా తీసుకుని సెకనుకు సుమారు 18.2 సార్లు మోగుతుంది. డాస్ కాలమంతా ఈ వేగంతోనే గడిచింది. నాకు సెకనుకు 100 టిక్కులు చాలు. విభాజకం 11,932గా లెక్క వేసి, 43వ పోర్టుకు నియంత్రణ పదం 34 రాసి, 40వ పోర్టుకు ముందు కింది బైటు, తరువాత పై బైటు పంపాను. చాలా ఉదాహరణల్లో 36 అన్న పదం కనిపిస్తుంది. అది చదరపు తరంగాన్ని ఇచ్చే మూడో మోడ్. ఆ మోడ్‌లో కౌంటర్ రెండేసి చొప్పున తగ్గుతూ ఒక్కో టిక్కుకు రెండుసార్లు చుట్టు తిరుగుతుంది కాబట్టి, మధ్యలో విలువ చదివితే మొదటి సగంలో ఉన్నామా రెండో సగంలో ఉన్నామా అన్నది తేలదు. టిక్కుల నడుమ కూడా కాలాన్ని చదవాలనుకునేవారికి రెండో మోడే తగినది.

ఇక్కడ ఒక లెక్కను దగ్గరగా చూడటం అవసరం. సెకనుకు సరిగ్గా 100 టిక్కులు రావాలంటే విభాజకం 11,931.818 ఉండాలి, కానీ కౌంటర్‌కు భిన్నాలు తెలియవు. 11,932 వేసినప్పుడు ప్రతి టిక్కు 10 మిల్లీసెకన్ల కంటే 152 నానోసెకన్లు ఎక్కువ తీసుకుంటుంది. సెకనుకు 1000 టిక్కుల కోసం 1,193 వేస్తే ప్రతి టిక్కు ఒక మిల్లీసెకను కంటే 152 నానోసెకన్లు తక్కువ తీసుకుంటుంది. దోషం రెండు చోట్లా ఒకటే, దిశ మాత్రం ఎదురు. అయితే రెండో సందర్భంలో అది పదిరెట్లు ఎక్కువసార్లు జరుగుతుంది. అందువల్ల టిక్కును గుండ్రని సంఖ్యగా భావించే కెర్నెల్ గడియారం మొదటి పద్ధతిలో రోజుకు 1.3 సెకన్లు వెనకబడితే, రెండో పద్ధతిలో రోజుకు 13 సెకన్లు ముందుకు పరుగెడుతుంది. టిక్కుకు 1,00,00,152 నానోసెకన్లు కూడుకుంటూ పోతే దోషంలో ఈ భాగం తొలగిపోతుంది. క్రిస్టల్ సహజ దోషం ఎలాగూ మిగిలే ఉంటుంది.

ఆదివారం: హ్యాండ్లర్, ఈఓఐ వేళ

ఇంటరప్ట్ రాగానే ప్రాసెసర్ స్టాక్ సెగ్మెంట్, స్టాక్ పాయింటర్, ఫ్లాగులు, కోడ్ సెగ్మెంట్, తిరిగి వెళ్లాల్సిన చిరునామా, ఈ ఐదింటిని స్టాక్ మీద పెట్టి హ్యాండ్లర్‌లోకి దూకుతుంది. మిగతా రిజిస్టర్లను దాచడం మన బాధ్యత. అసెంబ్లీలో రాసిన చిన్న ముక్క వాటన్నిటినీ స్టాక్ మీదకు నెట్టి, దిశ ఫ్లాగును శుభ్రం చేసి, స్టాక్‌ను 16 బైట్ల హద్దుకు సర్ది, సీ భాషలోని ఫంక్షన్‌ను పిలుస్తుంది. కంపైలర్‌కు రెడ్ జోన్ వద్దని చెప్పడం తప్పనిసరి. స్టాక్ పాయింటర్‌కు దిగువన 128 బైట్లను చెప్పకుండా వాడుకునే హక్కు ఫంక్షన్లకు, అవి ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతిని నిర్ణయించే సిస్టమ్ ఫైవ్ ఒప్పందం ఇస్తుంది, కానీ కెర్నెల్ నడుస్తుండగా వచ్చే ఇంటరప్ట్ సరిగ్గా ఆ చోటనే తన ఐదు విలువలను రాసేస్తుంది. ఈ లోపం ఎప్పుడో ఒకసారి ఎక్కడో ఒక చర విలువను చెడగొట్టి కనిపించకుండా పోతుంది కాబట్టి, దాన్ని వెతికి పట్టుకోవడం కంటే రాకుండా చూసుకోవడమే మేలు.

ఈఓఐ ఎప్పుడు పంపాలన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. పని అంతా ముగిశాక చివరలో పంపడమే సహజంగా తోస్తుంది. దాని ఫలితం ఎలా ఉంటుందో చూడాలని కావాలనే ఒక ప్రయోగం చేశాను. ఒక టాస్కు నిరంతరం 1 అచ్చువేస్తుంది, ఇంకొకటి నిరంతరం 2 అచ్చువేస్తుంది, వంతు ఐదు టిక్కులు. షెడ్యూలర్‌ను పిలిచిన తరువాత ఈఓఐ పంపేలా హ్యాండ్లర్‌ను అమర్చాను. సీరియల్ తెర మీద ఒకట్ల గుంపు వచ్చింది, తరువాత రెండ్లు మొదలయ్యాయి, ఇక ఆగలేదు. అప్పటివరకు నడవని కొత్త టాస్కు తన ప్రారంభ చిరునామాకు నేరుగా వెళ్తుంది కాబట్టి, షెడ్యూలర్ తరువాతి వరుస, అంటే ఈఓఐ, మొదటి టాస్కు స్టాక్‌లోనే ఉండిపోయింది. ఈఓఐ అందనంతవరకు కంట్రోలర్ దృష్టిలో టైమర్ ఇంటరప్ట్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. పైగా సున్నా తీగకు అందరికంటే పెద్ద ప్రాధాన్యం కాబట్టి మిగతా తీగలు కూడా ఆగిపోతాయి. కీబోర్డు మీటలు నొక్కినా ఒక్క ఇంటరప్ట్ రాలేదు.

ఈఓఐని షెడ్యూలర్‌కు ముందుకు తెచ్చిన వెంటనే ఒకట్లు, రెండ్లు గుంపులు గుంపులుగా వంతులు మార్చుకున్నాయి. ముందే ఈఓఐ పంపితే హ్యాండ్లర్ మధ్యలో ఇంకో టిక్కు వచ్చి పడుతుందేమోనన్న భయం అక్కర్లేదు. ఏ వెక్టర్‌కు ఏ హ్యాండ్లరో చెప్పే పట్టికలో (ఐడీటీలో) దీన్ని ఇంటరప్ట్ గేటుగా నమోదు చేశాను కాబట్టి, ప్రవేశించేటప్పుడే ప్రాసెసర్ ఇంటరప్ట్ ఫ్లాగును మూసేస్తుంది, తిరిగి వెళ్లేటప్పుడే అది తెరుచుకుంటుంది. కొత్త టాస్కుకు తయారుచేసే కృత్రిమ ఫ్రేములో, అంటే ఆ ఐదు విలువల నకలులో, మాత్రం ఆ ఫ్లాగు తెరిచి ఉన్న విలువ పెట్టాలి, లేకపోతే దాని వంతు వచ్చాక ఇక ఎవరి వంతూ రాదు.

నడపడానికి ఏ టాస్కూ లేనప్పుడు ప్రాసెసర్‌ను హాల్ట్ చేస్తాను, అంటే ఇంటరప్ట్ వచ్చేదాకా నిద్రపుచ్చుతాను. ఇంటరప్టులు తెరిచే ఆదేశం, హాల్ట్ ఆదేశం పక్కపక్కనే ఉండాలి. తెరిచే ఆదేశం తరువాతి ఒక ఆదేశం పూర్తయ్యేదాకా ప్రాసెసర్ ఇంటరప్ట్‌ను తీసుకోదు కాబట్టి, రెంటి నడుమ టిక్కు జారిపోయి ప్రాసెసర్ అనవసరంగా నిద్రపోయే సందు ఉండదు.

ఇంకో శనివారం: పోయిన టిక్కులు

టిక్కులను కూడి కాలం చెప్పే పద్ధతి ఎంత గట్టిదో పాత డెస్క్‌టాప్ మీద పరీక్షించాను. ఇంటరప్టులు మూసి, 1,15,200 బాడ్ వేగంతో 80 అక్షరాల వరుసను సీరియల్ పోర్టుకు పంపడానికి, ఒక్కో అక్షరానికి పది బిట్ల చొప్పున, దాదాపు 7 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు 100 టిక్కులున్నప్పుడు ఇది ఫరవాలేదు. టిక్కును 1000కు పెంచితే ఆ వ్యవధిలో ఏడు టిక్కులు రావాలి, కానీ కంట్రోలర్ ఒక తీగకు ఒక్క ఇంటరప్ట్‌నే గుర్తుంచుకుంటుంది. మిగతా ఆరు ఎక్కడా లెక్కలోకి రావు. ఎంత ఎక్కువ లాగ్ రాస్తే గడియారం అంత వెనకబడింది. బడిగంట మోగిన ప్రతిసారీ గోడ మీద గీత గీసుకుని వేళ చెప్పేవాడి పరిస్థితి ఇది: వాడు కునుకు తీసినప్పుడు మోగిన గంటలు గోడ మీద లేవు.

క్యూఈఎంయూను లినక్స్ వర్చువలైజేషన్ సదుపాయమైన కేవీఎంతో నడిపినప్పుడు, అందని టిక్కులను తరువాత అందించే పద్ధతి ఒకటి అందులో ఉంది, కాబట్టి ఈ నష్టం అక్కడ బయటపడకపోవచ్చు. టైమర్ కోడ్‌ను ఎమ్యులేటర్‌లో మాత్రమే పరీక్షించి సరిపెట్టుకోకూడదని నేను అనేది ఇందుకే.

ఆదివారం: కొలిచే పని టీఎస్‌సీకి

కాలాన్ని కొలిచే పనిని టిక్కు నుంచి విడదీసి, ప్రాసెసర్‌లోని టైమ్ స్టాంప్ కౌంటర్‌కు, అంటే టీఎస్‌సీకి, అప్పగించాను. ఇంటరప్టులు మూసి ఉన్నా అది లెక్కిస్తూనే ఉంటుంది. పాత ప్రాసెసర్లలో వేగం మారినప్పుడు దీని వేగం కూడా మారేది. అందుచేత ప్రాసెసర్ తన సామర్థ్యాలను తెలిపే సీపీయూఐడీలో స్థిర వేగపు టీఎస్‌సీ ఉందని తెలిపే బిట్ వెలిగితేనే దీన్ని నమ్ముతాను, లేకపోతే కెర్నెల్ పీఐటీ లెక్కతోనే సరిపెట్టుకుంటుంది.

వేగం కనుక్కోవడానికి పీఐటీ రెండో కౌంటర్‌ను వాడాను. దాన్ని 61వ పోర్టు ద్వారా తెరవవచ్చు, ముగిసిందో లేదో అక్కడే చదవవచ్చు, ఇంటరప్టుతో పని లేదు. 50 మిల్లీసెకన్ల వ్యవధికి ముందు, తరువాత టీఎస్‌సీని చదివి తేడా తీస్తాను. నడుమ ఫర్మ్‌వేర్ తన సొంత పనికి ప్రాసెసర్‌ను లాక్కుంటే తేడా పెరుగుతుంది కనుక, కొలతను మళ్లీ మళ్లీ చేసి అన్నిటికంటే చిన్నదాన్ని తీసుకుంటాను.

టీఎస్‌సీ లెక్కించిన చక్రాలను నానోసెకన్లుగా మార్చడానికి ప్రతిసారీ భాగహారం చేయడం దండగ. ముందుగానే ఒక గుణకాన్ని లెక్కించి ఉంచుకుని, చక్రాల సంఖ్యను దానితో గుణించి 32 బిట్లు కుడికి జరిపితే చాలు. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ఆ గుణకం 1,78,95,69,707. ఇక్కడ పొంచి ఉన్న ప్రమాదం ఏమిటంటే, లబ్ధం 64 బిట్లలోనే ఇమడాలంటే ఫలితం 32 బిట్లు దాటకూడదు, అంటే 4.29 సెకన్లు దాటిన ఏ వ్యవధికైనా లెక్క తలకిందులవుతుంది. బూట్ అయిన మొదటి నాలుగు సెకన్లలోనే ముగిసే పరీక్షలేవీ దీన్ని పట్టుకోలేవు. ఎక్స్86 గుణకార ఆదేశం ఎలాగూ 128 బిట్ల లబ్ధాన్ని ఇస్తుంది కాబట్టి దాన్ని పూర్తిగా వాడుకున్నాను.

హెచ్‌పీఈటీ అనే మరో హార్డ్‌వేర్ టైమర్‌ను కూడా పరిశీలించాను. తన చక్రపు వ్యవధిని ఫెమ్టోసెకన్లలో తానే చెప్పుకోవడం దాని మంచి గుణం, కానీ చదివిన ప్రతిసారీ ప్రాసెసర్ బయటికి పోయి రావాలి, టీఎస్‌సీతో పోలిస్తే అది చాలా నెమ్మది. ప్రస్తుతానికి పక్కన పెట్టాను. తేదీ కోసం బ్యాటరీతో నడిచే సీమాస్ గడియారాన్ని బూట్ సమయంలో ఒక్కసారి, అది తనను తాను దిద్దుకోవడం లేదని చూసుకుని, చదివితే సరిపోయింది.

పండుగ సెలవు: లేపే పని లోకల్ ఏపీఐసీకి

కొలత వేరైంది కాబట్టి ఇక టిక్కు క్రమం తప్పకుండా రావాల్సిన అవసరమే లేదు; ఎప్పుడు కావాలో అప్పుడు ఒక్కసారి వస్తే చాలు. ఆ పనికి ప్రతి ప్రాసెసర్ కోర్‌కు సొంతంగా ఉండే ఇంటరప్ట్ కంట్రోలర్, అంటే లోకల్ ఏపీఐసీ, లోని టైమర్ సరైనది. పాత కంట్రోలర్లను పూర్తిగా మాస్క్ చేసి, కీబోర్డు తీగను, పరికరాల ఇంటరప్టులను కోర్లకు పంపే ఐఓ ఏపీఐసీకి మళ్లించి, ఎఫ్‌ఈఈ00000 వద్ద ఉండే రిజిస్టర్ల పేజీని క్యాషింగ్ లేకుండా మ్యాప్ చేసి, ఎఫ్0 వద్ద ఉన్న రిజిస్టర్‌లో ఏపీఐసీని చేతనం చేశాను. ఇక్కడ ఈఓఐ అంటే బీ0 రిజిస్టర్‌కు సున్నా రాయడమే.

ఈ టైమర్ వేగం యంత్రాన్ని బట్టి మారుతుంది, కాబట్టి దాన్నీ కొలవాల్సిందే. విభాజకం 16 పెట్టి, ఆరంభ విలువను గరిష్ఠంగా ఉంచి, టీఎస్‌సీ లెక్కన 10 మిల్లీసెకన్లు ఆగి, ఎంత తగ్గిందో చూశాను. క్యూఈఎంయూలో అది 6,25,000కు అతి చేరువగా వచ్చింది, అంటే లోపలి గడియారం సెకనుకు వంద కోట్ల చక్రాలు. ఎమ్యులేటర్ ఈ టైమర్‌ను నానోసెకన్లలోనే నడుపుతుందన్న మాట. డెస్క్‌టాప్ మీద ఇంత గుండ్రని సంఖ్య రాలేదు.

ప్రాసెసర్‌కు టీఎస్‌సీ డెడ్‌లైన్ మోడ్ ఉంటే ఈ కొలత కూడా అక్కర్లేదు. 6ఈ0 సంఖ్య గల మోడల్ రిజిస్టర్‌లో (ప్రత్యేక ఆదేశంతో రాసే ప్రాసెసర్ రిజిస్టర్‌లో) గడువును నేరుగా టీఎస్‌సీ విలువగా రాస్తే, కౌంటర్ అక్కడికి చేరగానే ఇంటరప్ట్ వస్తుంది. సున్నా రాస్తే అలారం రద్దవుతుంది. గడువు ఇప్పటికే దాటిపోయి ఉంటే ఇంటరప్ట్ వెంటనే వస్తుంది, ఇది పెద్ద ఊరట. తగ్గే కౌంటర్లలో సున్నాకు చేరువైన వ్యవధిని రాసేటప్పుడు ఉండే సందేహాలేవీ ఇక్కడ లేవు. ఇంటెల్ మాన్యువల్ ప్రత్యేకంగా చెప్పిన జాగ్రత్త ఒకటుంది. మోడ్‌ను మార్చే రాత మెమరీ ద్వారా పోతుంది, గడువు రాత మోడల్ రిజిస్టర్ ద్వారా పోతుంది. రెంటి వరుస తప్పకుండా నడుమ మెమరీ ఫెన్స్ ఆదేశం పెట్టాలి. లేకపోతే మోడ్ మారకముందే రాసిన గడువును ప్రాసెసర్ పట్టించుకోదు, మొదటి అలారమే మోగదు.

శనివారం: గడువుల వరుస

నిద్రపోతున్న ప్రతి టాస్కుకూ ఒక గడువు ఉంటుంది, వంతు ముగింపు కూడా ఒక గడువే. అన్నిటినీ ఒక బైనరీ హీప్‌లో, అంటే అతి చిన్నది ఎప్పుడూ పైనే ఉండే అమరికలో, పెట్టి, అన్నిటికంటే ముందున్నదాన్ని హార్డ్‌వేర్‌కు రాస్తాను. ఇంటరప్ట్ వచ్చాక గడువు తీరినవాటినన్నిటినీ లేపి, మిగిలినవాటిలో మొదటిదాన్ని మళ్లీ రాస్తాను. వేల టైమర్లు పెట్టి, చాలావాటిని మోగకముందే రద్దుచేసే నెట్‌వర్క్ కోడ్‌కు 1987లో జార్జ్ వర్గీస్, టోనీ లాక్ ప్రతిపాదించిన టైమర్ చక్రాలు (గడువులను వలయంలోని గళ్లలో పంచే అమరిక) మేలైనవి. నా కెర్నెల్‌లో పాతిక టాస్కులు కూడా లేవు, కాబట్టి హీప్ చాలు.

గడువులను 64 బిట్ల నానోసెకన్లలో ఉంచాను, చిహ్నంతో సహా 292 ఏళ్లు సరిపోతుంది. మిల్లీసెకన్లను 32 బిట్లలో ఉంచితే 49.7 రోజులకు లెక్క మళ్లీ సున్నాకు వస్తుంది. విండోస్ 95 అన్ని రోజులు ఆపకుండా నడిస్తే స్తంభించిపోవడానికి కారణం ఇలాంటిదే. లినక్స్‌వాళ్లు ఈ విషయంలో చేసిన పని నాకు బాగా నచ్చింది. జిఫ్ఫీల (కెర్నెల్ టిక్కుల) లెక్కను సున్నా నుంచి కాక, బూట్ అయిన ఐదు నిమిషాలకే 32 బిట్ల హద్దు దాటేలా మొదలుపెడతారు. ఏ డ్రైవర్‌లోనైనా పోలిక తప్పుగా ఉంటే నెలల తరువాత కాక, టీ తాగి వచ్చేలోపే బయటపడుతుంది. నేను కూడా పరీక్షా బిల్డుల్లో గడియారాన్ని పెద్ద విలువ నుంచే మొదలుపెడుతున్నాను.

ఆదివారం: టిక్కు లేని కెర్నెల్

నడవగల టాస్కు ఒక్కటే ఉన్నప్పుడు వంతు గడువును పెట్టడం మానేశాను. ఎవరికీ వంతు ఇవ్వాల్సిన పని లేనప్పుడు నడుస్తున్నదాన్ని ఆపడం దేనికి? రెండో టాస్కు నిద్రలేచిన క్షణంలో మాత్రం గడువును మళ్లీ పెట్టాలి, లేకపోతే మొదటిది ఎప్పటికీ దిగదు. లినక్స్ ఖాళీ వేళల్లో టిక్కును ఆపే పద్ధతిని 2007లో 2.6.21 కెర్నెల్‌తో తెచ్చింది. అక్కడ లోతైన నిద్ర స్థితుల్లో లోకల్ ఏపీఐసీ టైమర్ కూడా ఆగిపోయే పాత ప్రాసెసర్ల కోసం ఎంతో యాతన పడ్డారు. నేను హాల్ట్‌ను మించిన నిద్ర వాడటం లేదు, కాబట్టి ఆ బాధ ఇంకా నా దాకా రాలేదు.

ఇంటరప్టుల లెక్క చెప్పే చిన్న ఆదేశాన్ని షెల్‌లో చేర్చి చూశాను. పీఐటీ రోజుల్లో ఎవరూ ఏ పనీ చేయకపోయినా సెకనుకు వంద ఇంటరప్టులు వచ్చేవి. ఇప్పుడు ఖాళీగా ఉన్నప్పుడు సెకనుకు రెండు వస్తున్నాయి, ఆ రెండూ అర సెకనుకోసారి మిణుకుమనే తెర కర్సర్‌వి. సీరియల్ పోర్టు లాగ్‌ను ఇంటరప్టులు మూసి ఎంతసేపు రాసినా గడియారం వెనకబడటం లేదు. నిద్రలేవాల్సిన టాస్కు ఆ కాసేపు ఆలస్యంగా లేస్తుంది, అంతే.

రెండో కోర్‌ను మేల్కొలపడం తరువాతి పని. దానికి సొంత లోకల్ ఏపీఐసీ, సొంత గడువుల హీప్ ఉండాలి. రెండు కోర్ల టీఎస్‌సీలు ఒకే విలువ చూపుతున్నాయో లేదో కూడా పరీక్షించాలి, ఎందుకంటే ఒక కోర్ మీద నిద్రపోయి ఇంకో కోర్ మీద లేచిన టాస్కుకు కాలం వెనక్కి నడిచినట్టు కనిపించకూడదు. తేడా ఉంటే దిద్దడానికి చాలా ప్రాసెసర్లలో ఒక సర్దుబాటు రిజిస్టర్ ఉంది. ముందు రెండు కోర్లూ పంచుకునే ఒక చర విలువ మీద చివరి టీఎస్‌సీని రాస్తూ, ఎవరికైనా అంతకంటే చిన్నది కనిపించిందేమో చూసే పరీక్ష రాస్తున్నాను.